గోల్‌పోస్టు అక్కడే ఉంది, గ్రౌండే జరిగింది

మా రాయచోటి వైపు పిల్లలు ఈ మధ్య ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. కువైట్‌లో ఫుట్‌బాల్ క్లబ్బులో కిట్‌మ్యాన్ పని దొరికేలా ఉందట, ఎలా ఉంటుందో చెప్పమన్నారు. జీతం, డ్యూటీ, రూమ్ సంగతులు ఏజెంటు చెబుతాడు. అబద్ధమే అయినా చక్కగా చెబుతాడు. నేను చెప్పేది ఏజెంటుకు తెలియని సంగతి.

జెర్సీలు ఉతకడం, బూట్లు తుడవడం, నీళ్ల బాటిళ్లు మోయడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు. నా సగం జీవితం ఆ పనిలో గడిచింది కానీ అందులో నేర్చుకున్నది మాత్రం ఒక పూటలోనే అయిపోయింది. అసలు పని వేరే ఉంది. ఆటగాళ్లు, ప్రెసిడెంటు, ప్రెసిడెంటు చుట్టాలు, వీళ్లందరి మధ్య నలిగే ఒక మనిషి ఉంటాడు. ఆయన పేరు కోచ్. ఆయనకు దగ్గరలో కుర్చీ వేసుకుని కూర్చునేది మీరొక్కరే. ఆ కుర్చీ గురించి రాస్తున్నాను.

నేను ఎలా వచ్చానంటే

నేను ఫుట్‌బాల్ కోసం కువైట్‌కు రాలేదు. ఇంటి డ్రైవరుగా వచ్చాను. పిల్లల్ని బడిలో దింపడం, మామాను, అంటే ఇంటి యజమానురాలిని, చుట్టాలిళ్లకు తిప్పడం నా పని. మా కఫీల్‌ను అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని, మేమంతా బాబా అనేవాళ్లం. ఆయన ఒక చిన్న క్లబ్బుకు ప్రెసిడెంటు అయ్యాడు. అయిన వారానికే ఇంట్లోని పాత సోఫాను క్లబ్బు ఆఫీసుకు పంపిస్తూ, దాంతోపాటు నన్నూ పంపాడు. సోఫా రెండేళ్లకే విరిగింది. నేను మొన్నటిదాకా ఉన్నాను.

అప్పటికి నాకు ఫుట్‌బాల్ గురించి తెలిసింది ఒక్కటే, బంతిని చేత్తో పట్టుకోకూడదని. మొదటిరోజే మా గోల్‌కీపర్ చేత్తో పట్టుకున్నాడు. ఇక నేర్చుకోవడం మానేశాను.

కోచ్‌లను చాలామందిని చూశాను. ఒకాయన ఓడితే ఏడ్చేవాడు, ఇంకొకాయన గెలిచినా ఏడ్చేవాడు. ఒకాయన మాట్లాడేవాడే కాదు, వేలు చూపించేవాడు. ఆ వేలు ఎవరిని చూపిస్తోందో తెలియక అందరూ పరుగెత్తేవాళ్లు, అందుకని ఆయన ఉన్న కాలంలో జట్టు కాస్త సన్నబడింది. వీళ్లెవరూ పూర్తి సీజన్ ఆడించలేదు. మధ్యలోనే ఖలాస్. ప్రెసిడెంట్లకు టీ చల్లారితే వచ్చే కోపం కంటే కోచ్ మీద వచ్చే కోపం చిన్నది, కానీ టీ ఇచ్చినవాడు ఉద్యోగంలో ఉంటాడు.

గోడవారగా నడిచే మనిషి

ఆఖరున వచ్చినవాడు డెరిక్ సార్. ఇంగ్లండు మనిషి, అరవై దాటాయి, పొడుగు, మోకాళ్లు రెండూ పాడైపోయాయి. వయసులో ఉన్నప్పుడు అక్కడి చిన్న చిన్న జట్లలో లెఫ్ట్ వింగర్‌గా ఆడాడు. వింగర్ అంటే గ్రౌండుకు ఎడమవైపో కుడివైపో, అంచున గీసిన గీత పక్కనే బంతితో పరుగెత్తి, గోల్ ముందున్నవాళ్లకు దాన్ని అందించేవాడు. గోల్ కొట్టినవాణ్ణి అందరూ ఎత్తుకుంటారు. అందించినవాడు అప్పటికి ఏ మూలనో కింద పడి ఉంటాడు.

ఆట మానేసి ఎన్నేళ్లయినా ఆ గీత ఆయన్ని వదల్లేదు. ఫర్వానియాలో నాతో బజారుకు వస్తే దుకాణాల గోడ రాసుకుంటూ నడిచేవాడు. కారులో తలుపుకు అతుక్కుని కూర్చునేవాడు. లిఫ్టులో మేమిద్దరమే ఉన్నా ఎడమ మూలకు పోయి నిలబడేవాడు. ప్రెసిడెంటు దివానియాలో, అంటే సాయంత్రాలు మగవాళ్లంతా చేరి టీ తాగుతూ ఊరి సంగతులన్నీ తేల్చే గదిలో, చెప్పుల పక్కన చివరి దిండు ఈయనది. అందరికీ కలిపి పెద్ద తాంబాళంలో మాంసం అన్నం పెడితే తన అంచున ఉన్నది తిని ఊరుకునేవాడు. మధ్యలో మాంసమంతా ఉన్నా చెయ్యి పోనిచ్చేవాడు కాదు. ఎందుకు సార్ అంటే, మధ్యలోకి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు కాళ్లు విరగ్గొట్టారు, అలవాటైపోయింది అన్నాడు.

నాకు ఆయనంటే ఇష్టం. దాచుకోవడానికేముంది. నా గదికి వచ్చి రాగి సంగటి తిన్న కోచ్ ఆయనొక్కడే. ముద్దను చూసి ముందు ఎగురుతుందేమోనని వేలితో నొక్కాడు. తర్వాత ఊరిబిండి పచ్చడితో రెండు ముద్దలు తిని, ఇది తిన్నాక డిఫెండర్‌గా ఆడవచ్చు కానీ వింగర్‌గా కష్టం అన్నాడు.

ఆయనకు భార్య ఉంది, మోరీన్. ఆమె ఇంగ్లండులోనే ఉండేది. రోజూ నా కారులో స్పీకర్ పెట్టి మాట్లాడుకునేవాళ్లు, అందుకని వాళ్ల సంసారం నాకు మా సంసారం కంటే ఎక్కువ తెలుసు. పెళ్లయిన కొత్తలో ఆయన ఏ క్లబ్బుకు మారితే ఆమె ఆ ఊరికి మూట కట్టుకుని వెళ్లింది. కోచ్ అయ్యాక దేశాలకు దేశాలే తిరిగింది. ప్రతిచోటా పెట్టెలు విప్పేలోపు ఈయన ఉద్యోగం ఊడేది. చివరికి ఆమె తేల్చి చెప్పింది.

"డెరిక్, ఒక్క సీజన్ పూర్తిగా ఉండి చూపించు. అప్పుడు వస్తా. అంతవరకు నా మంచం మీద నేను పడుకుంటా."

కోపంగా చెప్పలేదు. అలసిపోయి చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఆయన కిటికీ వైపు తిరిగి, ఇది నా చివరి ఉద్యోగం రమణా, దీని తర్వాత నన్నెవరూ పిలవరు అన్నాడు. అప్పుడు నేను మనసులో అనుకున్నాను, ఈ మనిషిని సీజన్ చివరిదాకా ఎలాగైనా ఉంచాలని. కిట్‌మ్యాన్ చేతిలో ఏముంటుంది? ఉతికిన జెర్సీ ఉంటుంది. అయినా అనుకున్నాను.

సాలెం, నీడ

మా లెఫ్ట్ వింగర్ సాలెం మంచి కుర్రాడు. ఎడమకాలు బంగారం. మిగతా శరీరం మాత్రం సెలవు మీద ఉండేది. ప్రాక్టీసుకు అత్తరు పూసుకుని వచ్చేవాడు. సాయంత్రం గ్యాలరీ నీడ గ్రౌండు మీద ఎంతవరకు పడుతుందో అంతవరకే పరుగెత్తేవాడు. బంతి ఎండలోకి పోతే దాన్ని చూస్తూ నిలబడేవాడు, సముద్రంలోకి పోయిన పడవను చూసినట్టు.

పాత కోచ్‌లు అరిచారు, జరిమానా వేశారు. డెరిక్ సార్ ఏమీ అనలేదు. నీడ ఎంత జరిగితే కోన్‌లను అంత జరిపేవాడు. కోన్‌లంటే ఆ ప్లాస్టిక్ టోపీల్లాంటివి, వాటి చుట్టూ పరుగెత్తిస్తారు. నీడ పెరిగేకొద్దీ సాలెం పరుగు పెరిగింది. రెండు నెలలకు వాడికి తెలియకుండానే వాడు గ్రౌండు పొడుగునా పరుగెత్తుతున్నాడు. కోచ్ పని ఇదేనని నాకు ఆరోజు అర్థమైంది. అరవడానికి గొంతు ఉంటే చాలు, కోన్ జరపడానికి ఓపిక కావాలి.

అయినా మ్యాచ్‌లు ఓడుతూనే ఉన్నాం. మా డిఫెండర్లలో ఒకతనికి సొంత హోటల్ ఉంది, ఆ వంట అతని ఒంట్లో కనపడేది. వరసగా ఓడాక ప్రెసిడెంటు దివానియాలో అందరి ముందూ చెప్పేశాడు. వచ్చే మ్యాచ్ గెలవకపోతే కోచ్ ఖలాస్. సీజన్ ముగియడానికి అది కాక ఇంకా కొద్ది మ్యాచ్‌లే మిగిలాయి. డెరిక్ సార్ చెప్పుల పక్కన కూర్చుని తల ఊపాడు. ఆ పూట కారులో మోరీన్‌కు ఫోన్ చేయలేదు.

ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పోశెట్టి

ఇప్పుడు పోశెట్టి గురించి చెప్పాలి. జగిత్యాల మనిషి, మా గ్రౌండ్‌మ్యాన్. గడ్డికి నీళ్లు పెట్టేది, అమ్ఘరా బజారు నుంచి సున్నం మూటలు తెచ్చేది, మ్యాచ్‌కు ముందు తాడు కట్టి గీతలు గీసేది అతనే. చాలా ఏళ్లు ఇళ్లలో పనిచేసి వచ్చినవాడు. అలా పనిచేసినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది, నాకూ ఉండేది. మామా ఒకటి చెబుతుంది, బాబా దానికి ఎదురు చెబుతాడు. ఇద్దరికీ జైన్, అంటే సరే, అనాలి, ఇద్దరి పనీ చేయాలి. ఏసీ పెట్టమని ఒకరు, ఆపమని ఒకరు అంటే, పెట్టి తలుపు తెరిచి ఉంచుతాం. కాదు అనే మాట మా నోట్లో తయారు కాదు.

మ్యాచ్‌కు ముందురోజు డెరిక్ సార్ పోశెట్టి దగ్గరికి పోయి, గ్రౌండు వెడల్పు పెంచు, రూలు ఒప్పుకున్నంత దూరం గీత బయటికి జరుపు అన్నాడు. వింగర్‌కు చోటు కావాలి కదా. ఫుట్‌బాల్ గ్రౌండ్లన్నీ ఒకే కొలత కాదు, కొంత ఎక్కువతక్కువ ఉండవచ్చు. పోశెట్టి జైన్ అన్నాడు. అది అయిన గంటకు ప్రెసిడెంటు వచ్చాడు. మా డిఫెండర్లు పరుగెత్తలేరు, గ్రౌండు సన్నగా చెయ్యి, గీత లోపలికి జరుపు అన్నాడు. పోశెట్టి జైన్ అన్నాడు.

రాత్రికి ఫర్వానియా గదిలో అన్నం తింటూ కూడా పోశెట్టి ఈ సంగతి నాకు చెప్పలేదు. చెప్పడానికి ఏముందని అనుకున్నాడట, పని అయిపోయింది కదా.

ఆ మ్యాచ్

ఆరోజు దుమ్ము లేచింది. రిఫరీ ఆటకు ముందు గ్రౌండు చుట్టూ తిరిగి చూశాడు కానీ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. డెరిక్ సార్ మా బెంచీ ముందున్న గీత దగ్గరికి వచ్చి కిందికి చూశాడు. గీత బాగా ఇటు జరిగి ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. పైన గ్యాలరీలో ప్రెసిడెంటు ఎదుటివైపు గీతను చూశాడు. అది బాగా లోపలికి జరిగి ఉంది. ఆయన మొహం కూడా వెలిగిపోయింది. ఒకే గ్రౌండును చూసి వాళ్లిద్దరూ సంతోషపడటం నా సర్వీసులో అదే మొదటిసారి, నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మొదటి సగంలో సాలెం మా బెంచీ వైపే ఆడాడు. వాడికి చోటే చోటు. గేదె కట్టు తెంచుకున్నట్టు పరుగెత్తి బంతి అందించాడు, మావాడొకడు తలతో కొట్టాడు, గోల్. బానే ఉంది. కానీ కార్నర్లు వింతగా పోతున్నాయి. మా వైపు మూల నుంచి కొట్టినవి గోల్ దాకా రావడం లేదు. అవతలి మూల నుంచి కొట్టినవి అందరి తలల మీదుగా ఎగిరి ఎక్కడో పడుతున్నాయి. హోటల్ డిఫెండర్ కొట్టిన ఒక కార్నర్ నేరుగా నా నీళ్ల పెట్టెలో పడింది.

విరామంలో జట్టు బట్టలు మార్చుకునే గదిలో డెరిక్ సార్ నన్ను పక్కకు పిలిచాడు.

"రమణా, గోల్‌పోస్టు ఎక్కడుంది?"

"అక్కడే ఉంది సార్."

"మరి గ్రౌండు ఎక్కడుంది?"

నేను తలుపులోంచి చూశాను. అప్పటికి కనపడింది. గోల్‌పోస్టులు అటువైపు గీతకు దగ్గరగా, మా గీతకు దూరంగా, చాప మీద ఒక పక్కకు ఒరిగి పడుకున్నవాడిలా ఉన్నాయి. గ్రౌండే జరిగింది సార్ అన్నాను. పోశెట్టిని పిలిపించాను.

"నేనేం జెయ్యాలె అన్నా? ఒకాయన జరుపుమన్నడు, ఇంకొకాయన తగ్గియ్యుమన్నడు. ఇద్దరూ పెద్దోళ్లే. గందుకే ఈ దిక్కు జరిపిన, ఆ దిక్కు తగ్గిచ్చిన. మొత్తం కొల్త ఎప్పటి లెక్కనే ఉన్నది."

"ఒరే నాయనా, గోలు యాడుందో చూసుకోవద్దా?"

"గోలు జోలికి పొమ్మని ఎవ్వలు జెప్పలే గదా."

నేను ఇంగ్లీషులో చెప్పాను. డెరిక్ సార్ కాసేపు మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, గోడకు జారగిలబడి నేల మీద కూర్చున్నాడు. గుండె నొప్పేమోనని నేను నీళ్ల బాటిల్ తీశాను. నవ్వుతున్నాడు. కళ్లలోంచి నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. లేవాలంటే మోకాళ్లు సహకరించక మేమిద్దరం చెరో చెయ్యి పట్టి లేపాం.

లేచాక ఆయన మొహంలో నవ్వు లేదు. రెండో సగంలో జట్లు వైపులు మారతాయి. సాలెం తన ఎడమవైపుకు పోతే సన్నగా ఉన్న గీత దగ్గర ఇరుక్కుంటాడు, మాకు వెడల్పుగా ఉన్న వైపు ఎదుటివాళ్ల వింగర్ వస్తాడు. అంటే సాలెం మా బెంచీ వైపే ఉండాలి, రైట్ వింగర్‌గా ఆడాలి. డెరిక్ సార్ జన్మలో ఎవరినీ ఆ మాట అడిగినవాడు కాదు. తనను కుడివైపు ఆడమన్న క్లబ్బును మర్నాడే వదిలేశానని నాతో గొప్పగా చెప్పుకున్నవాడు. ఆ ఒక్క మాట కోసం ఆయన షూలేసు విప్పి కట్టి, విప్పి కట్టి, చివరికి సాలెం ముందు నిలబడి అడిగాడు.

సాలెం ఒప్పుకోలేదు. నా కుడికాలు కారు యాక్సిలరేటర్ తొక్కడానికే కోచ్, వేరే పని రాదు దానికి అన్నాడు. డెరిక్ సార్ వాడి భుజం మీద చెయ్యి వేసి, మోరీన్ సంగతి చెప్పాడు. గెలుపు గురించి, క్లబ్బు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మా ఇంటావిడ రావాలి, నువ్వు అటు ఉండాలి, అంతే. సాలెం తల గోక్కుని, ఆవిడ వంట బాగా చేస్తుందా అని అడిగాడు. అస్సలు చేయదు అన్నాడు డెరిక్ సార్. పాపం, యల్లా, పద పోదాం, అని సాలెం లేచాడు.

రెండో సగమంతా రెండు జట్లూ మా వైపే ఆడాయి. చోటు ఇటే ఉంది కదా. పొద్దున ఫర్వానియా బస్సు దగ్గర జనంలా ఒకరి మీద ఒకరు పడ్డారు. అవతలి సగంలో గడ్డి, ఒక పిల్లి. ఎదుటివాళ్లు ఒక గోల్ కొట్టి సమం చేశారు. డెరిక్ సార్ గీత పక్కన కుంటుతూ సాలెంతోపాటే అటూ ఇటూ తిరిగాడు. టైము అయిపోవస్తోంది. సాలెంకు బంతి దొరికింది. ఎడమకాలికి మార్చుకుంటాడని డిఫెండర్లు అందరూ అటు ఆగారు. వాడికి మార్చుకునే ఓపిక లేదు. కుడికాలు అడ్డం ఉంది, దాంతోనే తన్నాడు. గోల్ ముందున్నవాడికి పంపుదామని తన్నాడట. ఆ బంతి అతనికి పోలేదు. నేరుగా గోల్‌లోకి పోయింది.

గెలిచాం. నేను పోశెట్టిని కావలించుకుని ఏడ్చాను. అతను గ్రౌండు కోసం తనను తిడుతున్నారేమోనని మాఫీ మాఫీ అంటున్నాడు.

టేపు

ఎదుటి జట్టువాళ్లు ఊరుకుంటారా. గ్రౌండు వంకరగా ఉందని ఫిర్యాదు చేశారు. మర్నాడు పొద్దున్నే కొలిచే మనిషి టేపు పట్టుకుని వచ్చాడు. మ్యాచ్ చెల్లదంటే డెరిక్ సార్ పని అంతటితో సరి. నేను, పోశెట్టి టేపు రెండో కొస పట్టుకున్నాం. ఆయన పొడుగు కొలిచాడు, సరిపోయింది. వెడల్పు ఈ గీత నుంచి ఆ గీత దాకా కొలిచాడు, మా క్లబ్బు ఎప్పుడూ చూపించే కొలతే, వేలెడు తేడా లేదు. గోల్‌పోస్టు నుంచి గీత దాకా కొలవమని ఎవరూ చెప్పలేదు ఆయనకు. ఎండ ముదురుతోంది. అంతా జైన్ అని రాసుకుని, మా దగ్గర చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆయన పనిచేసే పద్ధతి కూడా మా పోశెట్టి పద్ధతే.

ఆరోజు దివానియాలో ప్రెసిడెంటు, గ్రౌండు సన్నగా చేయించాను కాబట్టే గెలిచామని అందరికీ చెప్పాడు. డెరిక్ సార్ తన చివరి దిండు మీద కూర్చుని అవును బాబా అన్నాడు. ఇంగ్లండు మనిషి నోట బాబా అనే మాట వినడం అదే మొదలు. ఆ మాటతోనే మిగిలిన మ్యాచ్‌లన్నీ గట్టెక్కించాడు.

కొత్తగా చేరే పిల్లలకు ఇక్కడ ఒక మాట. పోశెట్టిలా చేయమని నేను చెప్పడం లేదు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే మూడోవాణ్ణి అడగండి. కానీ తప్పు చేసినవాణ్ణి తిట్టడానికి సమయం లేనప్పుడు, ఉన్న వంకర గ్రౌండు మీద ఎలా ఆడాలో చూసేవాడే పెద్దమనిషి. అలాంటి పెద్దమనిషిని నేను ఒక్కణ్ణే చూశాను, అది కూడా గోడవారగా.

ఎయిర్‌పోర్టు

సీజన్ ముగిసింది. ఆడిన ఆట గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. చివరి విజిల్ ఊదినప్పుడు మా బెంచీ మీద మొదట కూర్చున్న కోచే ఇంకా కూర్చుని ఉన్నాడు. అంతే.

ఆ తర్వాత వారం నేను ఆయన్ని ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయాను. ఇన్నేళ్లలో ఎంతమంది కోచ్‌లను ఆ రోడ్డు మీద తీసుకుపోయానో. అందరినీ పంపించడానికే. వాళ్లెవరూ దారిలో మాట్లాడేవాళ్లు కాదు. అలవాటు కొద్దీ నా కారు పోయేవాళ్ల వైపు తిరగబోయింది. డెరిక్ సార్ స్టీరింగ్ మీద చెయ్యి వేసి, రమణా, ఈసారి వచ్చేవాళ్ల వైపు అన్నాడు.

లోపల రెయిలింగు దగ్గర చాలాసేపు నిలబడ్డాం. విమానం దిగినవాళ్లంతా పోయారు. ఆయన మాటిమాటికీ ఫోన్ చూసుకున్నాడు. చిట్టచివరికి ఒక పొట్టి ముసలావిడ రెండు ట్రాలీల వెనక కనపడింది. ఒకటి తను తోస్తోంది, ఇంకొకటి పోర్టరు. వాటి మీద పెట్టెలు ఆమె తల కంటే ఎత్తుగా ఉన్నాయి. డెరిక్ సార్ రెయిలింగును వదిలి, ఆ హాలు నట్టనడుమ నుంచి, జనాన్ని తోసుకుంటూ, ఆ మోకాళ్లతోనే ఆమె దగ్గరికి పరుగెత్తాడు.

నేను వెళ్లేసరికి ఇద్దరూ ఏడుస్తున్నారు. కాసేపటికి ఆయన కళ్లు తుడుచుకుని పెట్టెల వైపు చూపించి, ఇన్నెందుకు తెచ్చావు అని అడిగాడు.

"కర్టెన్లు," అంది మోరీన్. "ఎప్పుడో కొన్నవి. ఎక్కడా కట్టలేదు."